నలుగురిలో లేచి చెప్పాలంటే...

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను రెండు రోజులు వేరే పని చేసుకోనివ్వలేదు. రాసినావిడ పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు కనుక రాయడం లేదు. విషయం మాత్రం మీ అందరిదీనూ.

"మా అమ్మాయి ఏడో తరగతి. పొద్దున్న బడికి వెళ్ళేముందు చుక్క నీళ్ళు తాగదు. ఎందుకే అని గట్టిగా అడిగితే 'తాగితే అక్కడ వెళ్ళాల్సొస్తుంది, దొడ్లో నీళ్ళుండవు' అంది. బడిలో మరుగుదొడ్డి ఉంది, తలుపు ఉంది, తలుపుకి తాళమూ ఉంది. నీళ్ళే లేవు. నన్ను బడి కమిటీలో సభ్యురాలిగా వేసుకున్నారు. వచ్చే మీటింగులో ఈ సంగతి మీరే ఐదు నిమిషాలు చెప్పండమ్మా అన్నారు హెడ్మాస్టరు గారు. సరేనని తలూపి వచ్చాను. అప్పట్నుంచీ నిద్ర లేదు. మావారేమో 'నువ్వు మాట్లాడితే అందరూ నవ్వుతారు' అంటున్నారు. ఏం చెప్పాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?"

అమ్మా, ముందు మీకొక మాట. నవ్వడానికి ఇందులో ఏమీ లేదు. ఆడపిల్ల రోజంతా దాహం అణచుకుని కూర్చోవడం, వచ్చినదాన్ని ఆపుకుని కూర్చోవడం చిన్న విషయం కాదు. నీళ్ళు తక్కువ తాగి, గంటల తరబడి ఆపుకుంటే మూత్రంలో ఇన్ఫెక్షన్లు వస్తాయని ఏ డాక్టరమ్మని అడిగినా చెప్తుంది. పెద్దమనిషైన పిల్లలైతే నెలకి మూడు నాలుగు రోజులు బడే మానేస్తారు. మానేసిన రోజుల పాఠాలు పోతాయి. తర్వాత చదువు మీద మనసు పోతుంది. కాబట్టి మీరు మాట్లాడాలి, మాట్లాడి పని జరిపించాలి. ఎలాగో ఈ వారం చూద్దాం.

నా మొదటి ఉపన్యాసం

చెప్పొద్దూ, నేనూ ఒకప్పుడు ఇలాగే వణికినదాన్నే. చాలా ఏళ్ళ కిందట మా కాలనీ సంఘం మీటింగులో మురుగుకాలువ గురించి మాట్లాడమన్నారు. వారం రోజులు కూర్చుని పెద్ద పెద్ద మాటలన్నీ ఏరి రాసుకున్నాను. ఇరవై నిమిషాలు మాట్లాడాను. కాలువతో మొదలుపెట్టి, దోమల మీదుగా, వెలగని వీధిదీపాలు, ఊరకుక్కలు, పాలల్లో నీళ్ళు, చివరికి మనుషుల్లో తగ్గిపోయిన బాధ్యత... దేన్నీ వదల్లేదు. చప్పట్లు కొట్టారు. అధ్యక్షులవారు "చాలా చక్కగా మాట్లాడారు" అన్నారు. అందరూ కాఫీలు తాగి ఇళ్ళకి వెళ్ళారు. కాలువ ఎక్కడిదక్కడే ఉంది.

ఇంటికొచ్చి చీర మార్చుకుంటుంటే మా అత్తగారు అడిగారు: "బాగానే చెప్పావుగానీ, ఇంతకీ వాళ్ళని ఏం చెయ్యమన్నావే?"

నా దగ్గర జవాబు లేదు. ఇరవై నిమిషాల్లో నేను ఎవర్నీ ఏమీ చెయ్యమన్లేదు. బాధ వెళ్ళబోసుకున్నానంతే. ఆ తర్వాత ఎప్పుడు నలుగురిలో మాట్లాడాల్సొచ్చినా ముందు మా అత్తగారి ప్రశ్నకి జవాబు కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే మిగతాది రాసుకుంటున్నాను. మీరూ అలాగే చెయ్యండి.

ఇంట్లో రోజూ చేసేదే

ఒకర్ని ఒప్పించడం మీకు కొత్తేం కాదు. వంటింట్లో కుళాయి కారుతోందనుకోండి. మీవారి చేత దాన్ని బాగుచేయించాలి. మీరెలా చెప్తారు?

"నిన్న అత్తయ్యగారు ఆ తడిలో కాలుజారి పడబోయారు" అంటారు. ఆయన పేపరు దించుతారు. "రాత్రికి పెట్టిన బకెట్టు తెల్లారేసరికి నిండిపోతోంది. లోపల వాషరు అరిగిపోయిందట" అంటారు. "కొత్త వాషరు వేస్తే సరిపోతుందట, కుళాయి మార్చక్కర్లేదట" అంటారు. "అప్పుడు ఈ నాచూ ఉండదు, పెద్దావిడ పడుతుందేమోనన్న భయమూ ఉండదు" అంటారు. చివరికి "ఆదివారం ఎనిమిదింటికి ప్లంబరుని రమ్మన్నాను, మీరు కాస్త ఇంట్లో ఉండండి చాలు" అంటారు. పని జరిగిపోతుంది.

అమెరికాలో పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో ఉపన్యాసకళ నేర్పిన ఏలన్ మన్రో అనే ఆయన 1930లలో ఈ పద్ధతినే ఐదు మెట్లుగా విడదీసి పుస్తకం రాశారు. మొదటిది వినేవాళ్ళ మనసు ఇటు తిప్పడం. రెండోది ఇబ్బంది ఏమిటో చూపించడం. మూడోది అది తీరే దారి చెప్పడం. నాలుగోది తీరితే ఎలా ఉంటుందో, తీరకపోతే ఏమవుతుందో కళ్ళకి కట్టించడం. ఐదోది ఫలానా పని చెయ్యండని అడగడం. ఇప్పటికీ కాలేజీల్లో ఈ ఐదు మెట్లే నేర్పుతున్నారు. చూశారా, పైన మీ కుళాయి మాటలు సరిగ్గా ఐదు!

నేను కాలనీలో చేసిన తప్పేమిటో ఇప్పుడు మీకు తెలిసిపోయి ఉంటుంది. రెండో మెట్టు మీదే ఇరవై నిమిషాలూ కూర్చుండిపోయాను.

కలం పట్టేముందు కాళ్ళకి పని

రాయడానికి తొందరపడకండి. మీటింగుకి ముందు రెండు మూడు రోజులు వేరువేరు వేళల్లో బడికి వెళ్ళి రండి. ఇంటర్వెల్‌లో ఒకసారి, మధ్యాహ్నం భోజనాలప్పుడు ఒకసారి చూడండి. ఆడపిల్లలెంతమంది? దొడ్లెన్ని? పైన ట్యాంకు ఉందా? ఉంటే నీళ్ళెక్కుతున్నాయా? మోటారు పాడైందా, పైపు పగిలిందా, కుళాయి తల విరిగిందా? తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది? కడిగేది ఎవరు, వారానికెన్నిసార్లు? ఆడపిల్లల్ని పక్కకి పిలిచి మెల్లిగా అడగండి. మాస్టార్ల ముందు చెప్పని సంగతులు అమ్మలాంటి మనిషికి చెప్తారు.

ఇంత ఎందుకంటే, జబ్బు ఒకటైతే మందు ఇంకొకటి వెయ్యకూడదు కదా. పైపు పగిలిన చోట "కొత్త మరుగుదొడ్లు కట్టించండి" అని అడిగారనుకోండి. అది పెద్ద ఖర్చు, ఏళ్ళు పడుతుంది. కట్టినా వాటికీ నీళ్ళు రావు. నీళ్ళున్నా పిల్లలు వెళ్ళడం లేదంటే లోపల గడియ లేకపోవచ్చు. కారణం తెలియకుండా పరిష్కారం చెప్పడం ఊహ కిందే లెక్క.

పైపు సంగతి తేలాక ప్లంబరుని తీసుకెళ్ళి చూపించి, సామానుకెంత, కూలికెంత అని కాగితం మీద రాయించుకోండి. "చాలా తక్కువే అవుతుందండీ" అనే మాటకీ, చేతిలో ఉన్న చీటీకీ చాలా తేడా ఉంది.

ఇంకొక్క పని. మీరు చెప్పబోయేది ముందుగా హెడ్మాస్టరు గారికి చెప్పండి. నలుగురిలో హఠాత్తుగా అంటే ఆయన తనని తప్పుపట్టారనుకుని అడ్డం తిరగొచ్చు. ముందే చెప్తే "అవునమ్మా, నేనూ అనుకుంటూనే ఉన్నాను" అని మీ పక్కన నిలబడతారు. అలాగే ఎవరి పేరూ ఎత్తి నిందించకండి. పేరు వచ్చిందంటే మీటింగు కాస్తా తగవైపోతుంది. నీళ్ళ సంగతి మళ్ళీ గాలికే.

అడిగేది ఒక్కటే

బడిలో లోపాలు ఇంకా చాలా కనిపిస్తాయి. ప్రహరీ పడిపోయి ఉంటుంది, బల్లలు విరిగి ఉంటాయి. ఈసారికి వాటి జోలికి పోకండి. నాలుగు అడిగితే "ఆలోచిద్దాం" అంటారు. ఒకటి అడిగితే అవుననో కాదనో చెప్పక తప్పదు.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళ సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1990ల మొదట్లో అక్కడ రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకుంటూ, సారా వల్ల కుటుంబాలకి పట్టే గతిని చెప్పే 'సీతమ్మ కథ' అనే పాఠం చదువుకున్నారు. అది తమ కథే అనిపించింది. వాళ్ళు సభలు పెట్టి తాగుడు చెడ్డదని ఊరుకోలేదు. మా ఊళ్ళో సారా దుకాణం ఉండటానికి వీల్లేదన్నారు. ఒక్కటే మాట. ఎవరికైనా అర్థమయ్యే మాట. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో ఉద్యమం జిల్లా అంతా పాకి, సారా వేలంపాటల్నే ఆడవాళ్ళు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించేశారు, అది వేరే సంగతి. అందులోనూ మనకొక పాఠం ఉంది. సాధించుకున్నదానికి కాపలా లేకపోతే నిలవదు. మీ కుళాయికీ అంతే. ఆ మాట మళ్ళీ చెప్తాను.

ఇదిగో, ఇలా మాట్లాడొచ్చు

కింద రాసింది మచ్చుకి మాత్రమే. ఇందులో అంకెలు నేను ఊరికే వేసినవి. అవి తీసేసి మీరు లెక్కపెట్టిన అంకెలు వేసుకోండి. మాటలు కూడా మీ ఇంట్లో మాట్లాడుకునేవే పెట్టుకోండి.

"అందరికీ నమస్కారమండీ. మా అమ్మాయి రోజూ పొద్దున్న నీళ్ళు తాగకుండా బడికొస్తుంది. ఎందుకో మొన్ననే తెలిసింది. ఇక్కడ దొడ్లో నీళ్ళు రావు కాబట్టి. మీ పిల్ల ఈవాళ నీళ్ళు తాగి వచ్చిందో లేదో, ఇంటికెళ్ళాక ఒక్కసారి అడగండి.

"మన బడిలో 60 మంది ఆడపిల్లలున్నారు. రెండు దొడ్లున్నాయి. నేను మూడు రోజులు వచ్చి చూశాను. మూడు రోజులూ తాళమే వేసి ఉంది. నీళ్ళు లేవు, నీళ్ళు లేక వాసన, వాసన వల్ల తాళం. ఇందులో ఎవరి తప్పూ లేదు. ట్యాంకు బాగానే ఉంది, మోటారు బాగానే ఉంది. బోరు నుంచి ట్యాంకుకి వెళ్ళే పైపు గోడ పక్కన పగిలిపోయింది. అదీ సంగతి.

"ప్లంబరు చూశాడు. పైపు ముక్క, రెండు కుళాయిలు మారిస్తే చాలన్నాడు. ఇదిగో లెక్క. ఒక్క రోజు పని. పైపు వేశాక మళ్ళీ పాడవకుండా వారానికి ఇద్దరు తల్లుల చొప్పున వచ్చి చూసిపోతాం.

"పైపు వేస్తే వచ్చే సోమవారం నుంచి మన పిల్లలు అందరిలాగే నీళ్ళు తాగి, నిశ్చింతగా పాఠం వింటారు. వెయ్యకపోతే ఎండాకాలంలోనూ నోరెండబెట్టుకుని కూర్చుంటారు. పెద్దపిల్లలు ఆ నాలుగు రోజులూ ఇంటిదగ్గరే ఉంటారు.

"అందుకని నేనడిగేది ఒక్కటే. ఈ పైపు మార్చాలని ఈవాళే తీర్మానం పుస్తకంలో రాసి సంతకాలు పెడదాం. వారానికోసారి చూడ్డానికి మొదటి పేరు నాది రాసుకోండి. ఇంకా ముగ్గురు తల్లులు ఇప్పుడే పేర్లివ్వండి. సెలవు."

అంతే. నిదానంగా చదివినా ఐదు నిమిషాలు దాటదు. చూడండి, ఇందులో పెద్ద మాట ఒక్కటీ లేదు. మీకు తెలియని సంగతీ లేదు.

అడ్డుప్రశ్నలొస్తే

వస్తాయి. వచ్చాయంటే విన్నారన్నమాట. మూడింటికి ముందే సిద్ధంగా ఉండండి.

"డబ్బెక్కడిది?" అంటారు. ప్రభుత్వ బడులకి సమగ్ర శిక్ష కింద పిల్లల సంఖ్యని బట్టి ఏటా గ్రాంటు ఉంటుంది. 2018లో ఆ పథకం మొదలైనప్పుడే గ్రాంటులో కనీసం పదోవంతు పరిశుభ్రతకి ఖర్చుపెట్టాలని నియమం పెట్టారు. ఈ ఏడాది ఎంత వచ్చింది, ఎంత మిగిలింది అని హెడ్మాస్టరు గారిని ముందుగానే అడిగి తెలుసుకోండి.

"ఇంతకుముందు బాగుచేయించాం, మళ్ళీ పాడైంది" అంటారు. ఇది సబబైన మాటే. కాదనకండి. "నిజమేనండీ, అప్పుడు చూసేవాళ్ళు లేక పాడైంది. అందుకే ఈసారి పేర్లు అడుగుతున్నాను" అనండి. దూబగుంట దగ్గర చెప్పిన కాపలా ఇదే.

"మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా?" అని ఎవరో ఒక పెద్దాయన అనకపోరు. కోపం తెచ్చుకోకండి. "లేవండీ. అందుకే మా ఈడు వాళ్ళం చాలామంది పెద్దమనిషి కాగానే బడి మానేశాం" అనండి. ఆ తర్వాత ఒక్క క్షణం ఊరుకోండి చాలు.

ఇక చట్టం సంగతి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆడపిల్లలకీ మగపిల్లలకీ వేరువేరు మరుగుదొడ్లు, పిల్లలందరికీ మంచినీళ్ళు ఉండాలని అందులోనే రాసి ఉంది. బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగంమంది ఆడవాళ్ళు ఉండాలి. అంటే మీరక్కడ అతిథి కాదు, హక్కుదారు. 2012లో సుప్రీంకోర్టు కూడా అన్ని బడుల్లోనూ మరుగుదొడ్లు, నీళ్ళు ఏర్పాటు చెయ్యాలని ఆదేశించింది. ఇవన్నీ తెలిసి ఉండండిగానీ మొదటే తియ్యకండి. చట్టం నడుముకి దోపుకున్న తాళంచెవుల గుత్తిలాంటిది. ఉందని తెలిస్తే చాలు, అస్తమానం మోగించక్కర్లేదు. మెత్తగా అడిగినా పని కాకపోతే అప్పుడు తియ్యండి.

ఆ రోజు కోసం కొన్ని చిట్కాలు

మొత్తం బట్టీ పట్టకండి. మధ్యలో ఒక్క ముక్క మర్చిపోతే అంతా ఆగిపోతుంది. పోస్టుకార్డంత అట్టముక్క మీద ఐదు మెట్లకీ ఐదు ముక్కలు రాసుకోండి: నీళ్ళు తాగని పిల్ల, పగిలిన పైపు, ప్లంబరు లెక్క, సోమవారం, తీర్మానం. అట్టముక్కైతే చెయ్యి వణికినా కాగితంలా రెపరెపలాడదు.

మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం నోటికి రావాలి. మొదటిది వస్తే భయం సగం పోతుంది. చివరిది వస్తే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. పోపు పెట్టుకుంటూ ఒకసారి, బట్టలారేస్తూ ఒకసారి పైకి అనుకోండి. గడియారం పెట్టుకుని మీ అమ్మాయికి వినిపించండి. ఆ పిల్లకంటే మంచి శ్రోత మీకు దొరకదు. అయితే తన మాట నలుగురిలో చెప్పొచ్చో లేదో ముందు తననే అడగండి. వద్దంటే "ఒక పిల్ల" అనే చెప్పండి.

కొత్త చీర కట్టొద్దు. అలవాటైన నేతచీర కట్టుకోండి, కుచ్చిళ్ళ మీద ధ్యాస ఉండదు. మెతుకు తినకుండా వెళ్ళొద్దు, భారంగా తినీ వెళ్ళొద్దు. లేచాక వెంటనే మొదలెట్టకుండా ఒకసారి గాలి పీల్చుకుని, మీకు కావలసినవాళ్ళ మొహం ఒకటి వెతుక్కుని అటు చూస్తూ మొదలుపెట్టండి. గొంతు వణికితే వణకనివ్వండి. పిల్లకోసం మాట్లాడే తల్లి గొంతు వణికిందని ఎవరూ నవ్వరు. ముందు రోజే మరో ఇద్దరు తల్లులకి చెప్పి ఉంచండి, పేర్లడగ్గానే వాళ్ళు చెయ్యెత్తుతారు. ఒక చెయ్యి లేస్తే పక్క చెయ్యి లేస్తుంది.

తీర్మానం రాశాక ఇంటికి పరుగెత్తకండి. పుస్తకంలో ఏం రాశారో ఒకసారి చదివి, ఏ తేదీలోగా చెయ్యాలో వేయించి, అప్పుడు సంతకం పెట్టండి. తేదీ లేని తీర్మానం, మూత లేని ఊరగాయ జాడీ ఒకటే. రెండూ నిలవుండవు.

మీవారి సంగతంటారా? మీటింగు అయ్యాక ఆయనే నలుగురికీ చెప్పుకుంటారు లెండి.

మిగతా సోదరీమణులకి కూడా ఇదే మాట. మీకు బడి కమిటీ కాకపోవచ్చు. పొదుపు సంఘమో, గ్రామసభో, అపార్ట్‌మెంటు మీటింగో కావచ్చు. చెత్తబండి రాకపోవడమో, వీధిలో దీపం లేకపోవడమో కావచ్చు. లేచి నిలబడేముందు మా అత్తగారు నన్నడిగిన ప్రశ్న మీరే అడిగేసుకోండి: "ఇంతకీ వాళ్ళని ఏం చెయ్యమంటున్నాను?" ఒక్క వాక్యంలో జవాబు వస్తే మీ ఉపన్యాసం తయారైనట్టే. రాకపోతే ఇంకో రెండు రోజులు ఆగండి.

ఉత్తరం రాసిన అమ్మా, మీటింగు అయ్యాక ఏం జరిగిందో తప్పకుండా రాయండి. చప్పట్లు కొట్టారా లేదా అన్నది నాకక్కర్లేదు. మీ అమ్మాయి పొద్దున్నే గ్లాసుడు నీళ్ళు తాగి బడికి వెళ్తోందో లేదో, అది రాయండి.